శిక్షణ క్యాజువాలిటీ బల్ల దగ్గర మొదలవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

లైంగిక హింస గురించి ఆస్పత్రి సిబ్బందికి, పోలీసులకు, హాస్టల్ వార్డెన్లకు జరిగే శిక్షణల్లో ఎదుటి కుర్చీలో స్త్రీనో చిన్నపిల్లనో ఊహించుకునే పాఠం చెబుతారు. ఆ పాఠం అవసరమే, దాన్ని తగ్గించమని మేం అనడం లేదు. కానీ ఆ కుర్చీలో పాతికేళ్ల మగవాడు కూర్చుంటే, అందులోనూ అతను దళితుడో, ముస్లిమో, కోయ కుర్రాడో, చెవులు వినపడనివాడో, మగవాళ్లను ఇష్టపడేవాడో అయితే, ఏం అడగాలో ఏం రాయాలో తెలిసినవాళ్లు ఆస్పత్రికి ఇద్దరు దొరకడం కష్టం. లైంగిక హింసకు గురైన ఇలాంటి మైనారిటీ మగవాళ్లతో ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పే శిక్షణ గురించే ఈ లేఖ.

మైనారిటీ అనగానే మనకు మతమే తడుతుంది, ఆ పేరుతో ఒక శాఖ ఉంది కాబట్టి. ఈ పనిలో ఆ మాటను ఇంకా విశాలంగా వాడాలి. మతం, కులం, తెగ, భాష, వైకల్యం, లైంగికత వల్ల కౌంటర్ అవతలి మనిషికి భయపడే మగవాళ్లందరూ ఇందులోకి వస్తారు. వీళ్ల సంఖ్య తక్కువని అనుకోవడానికి ఆధారం లేదు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ప్రచురించిన అధ్యయనంలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్లలో 52.94 శాతం మగపిల్లలే. ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్లు దాటిన మగవాళ్లు.

మొదట అర్థం కావలసిన సంగతి ఒకటుంది. ఇలాంటి మనిషి "నా మీద లైంగిక దాడి జరిగింది" అంటూ రాడు. మలద్వారం దగ్గర నొప్పి అని సర్జన్ దగ్గరకు వస్తాడు. నిద్ర పట్టడం లేదని, తాగుడు మానలేకపోతున్నానని, భార్య దగ్గరకు వెళ్లలేకపోతున్నానని వస్తాడు. ఎవరితోనో గొడవపడి చెయ్యి విరగ్గొట్టుకుని వస్తాడు. ఏ కారణమూ చెప్పకుండా హెచ్ఐవీ పరీక్ష చేయమంటాడు. కనుక శిక్షణ ముందుగా చేరాల్సింది మానసిక వైద్య నిపుణులకు కాదు. క్యాజువాలిటీలో ఓపీ చీటీ రాసేవారు, రాత్రి డ్యూటీ డాక్టరు, స్టాఫ్ నర్సు, హెచ్ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీ కౌన్సెలర్, పోలీస్ స్టేషన్లో ఫిర్యాదులు రాసే రైటర్, ఆశ్రమ పాఠశాల వార్డెన్, జిల్లా న్యాయసేవాధికార సంస్థ పారా లీగల్ వలంటీరు, వీళ్లకు ముందు కావాలి. నిపుణుడి గది దాకా మనిషి చేరాలంటే వీళ్లను దాటి రావాలి. చాలామంది తిరిగి వెళ్లిపోయేది ఇక్కడి నుంచే.

మొదటి పది నిమిషాల్లో జరిగే తప్పులన్నీ మాటలతోనే జరుగుతాయి. మానభంగం, చెరచడం, అత్యాచారం అన్న మన మాటలన్నీ చెవికి స్త్రీ గురించే వినిపిస్తాయి. మగవాడు వాటిని తనకు తగిలించుకోలేడు. "నన్ను వాడుకున్నారు", "ర్యాగింగ్ చేశారు", "తప్పుడు పని చేశారు" అంటాడు. ఉర్దూ మాట్లాడే ఇంట్లోంచి వచ్చినవాడైతే "గలత్ కామ్" అంటాడు. ఆ మాటను అక్కడే పట్టుకోవాలి, అదే మాటతో తర్వాతి ప్రశ్న అడగాలి, రికార్డులో కూడా కొటేషన్లలో అదే రాయాలి. "అంటే సెక్సువల్ అసాల్టా?" అని మనం అనువదిస్తే అతను "కాదు సార్" అని లేచిపోతాడు.

అడిగే పద్ధతి ఇలా ఉంటే పని చేస్తుంది. ముందు తలుపు వేసి, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టాలి. అన్నయ్య అయినా, సంఘం పెద్ద అయినా, యజమాని పంపిన మేస్త్రీ అయినా సరే. తర్వాత గోప్యత ఎంతవరకో ముందే చెప్పాలి, అతను నోరు విప్పాక కాదు. వయసు 18 లోపైతే, పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలియజేయక తప్పదు. ఆ సంగతి దాచి వివరాలు రాబట్టి, చివర్లో "ఇప్పుడు రిపోర్టు చేయాలి" అంటే ఆ పిల్లాడు మళ్లీ ఏ పెద్దమనిషినీ నమ్మడు. ఆ తర్వాత ప్రశ్న పేరుతో కాక పనితో అడగాలి: "మీకు ఇష్టం లేకుండా ఎవరైనా తాకడం, బట్టలు విప్పించడం, అలాంటి పని మీతో చేయడం గానీ మీచేత చేయించడం గానీ జరిగిందా? చిన్నప్పుడైనా సరే, ఈమధ్యనైనా సరే. చెప్పకపోయినా మీ వైద్యం ఆగదు." ఈ చివరి వాక్యం వదిలేయకూడదు. అది లేకపోతే ప్రశ్న విచారణలా వినిపిస్తుంది. ఇది ప్రతి మగ రోగినీ అడిగే ప్రశ్న అని కూడా చెప్పాలి. లేకపోతే నన్ను చూస్తే ఏం తెలిసిపోయిందో అని బెదిరిపోతాడు.

అతను అవునన్నాక మొదట నోట రావలసిన మాటలు మూడే: "చెప్పినందుకు మంచిది. తప్పు మీది కాదు. ఇప్పుడు మీకు ఏది ముందు కావాలి?" ఎందుకు ఎదిరించలేదన్న ప్రశ్నకు శిక్షణలో పూర్తి నిషేధం ఉండాలి. ప్రాణభయంలో శరీరం కొయ్యబారిపోవడం మగవాళ్లకూ జరుగుతుంది, కండలున్నంత మాత్రాన ఆగదు.

ఇంకో సంగతి. దీన్ని చెప్పడానికి శిక్షకులే సిగ్గుపడి దాటేస్తారు, అందుకే విడిగా రాస్తున్నాం. దాడి సమయంలో అంగస్తంభన, వీర్యస్ఖలనం జరగవచ్చు. భయంలోనూ నొప్పిలోనూ తాకిడికి శరీరం తనంతట తాను స్పందిస్తుంది. అది ఇష్టం కాదు, అంగీకారం అసలే కాదు. దాడి చేసినవాడు దీన్నే పట్టుకుని "నీకూ నచ్చింది" అంటాడు, బాధితుడు ఏళ్లతరబడి దాన్నే నమ్మి నోరు మూసుకుంటాడు. అతను అడగకపోయినా కౌన్సెలర్ ముందుగా ఈ మాట చెప్పాలి. అడిగే ధైర్యం చాలామందికి ఉండదు. అలాగే "దీనివల్ల నేను అలాంటివాణ్నయ్యానా?" అన్న భయం. లైంగికత ఏదైనా దాడి దాన్ని నిర్ణయించదు. వేధింపుకు గురైనవాడు పెద్దయ్యాక వేధించేవాడవుతాడన్న మాట కూడా ఊళ్లో తిరుగుతూ ఉంటుంది. అత్యధికులు అలా కారు. సిబ్బంది నోటినుంచి ఆ మాట వస్తే, పెళ్లయి పిల్లలున్న మగవాడు సొంత బిడ్డను ఎత్తుకోవడానికి కూడా జంకుతాడు.

ఇక వైద్యం. ఇక్కడ గంటల లెక్క ఉంది, దాన్ని గోడకు అంటించాల్సిందే. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలు కావాలి, 28 రోజులు వాడాలి. మొదటి రోజు రక్తపరీక్ష చేయాలి, కానీ దాని ఫలితం వచ్చేదాకా మొదటి డోసు ఆపకూడదు. పరీక్షకు సమ్మతి తీసుకోవాలని 2017 నాటి హెచ్ఐవీ చట్టం చెబుతోంది. మళ్లీ ఆరు వారాలకు, మూడు నెలలకు పరీక్షలు. హెపటైటిస్ బి టీకా ఇంతకుముందు వేయించుకోకపోతే ఆ రోజు ఒకటి, నెలకు ఒకటి, ఆరో నెలలో ఒకటి. గాయముంటే ధనుర్వాతం ఇంజెక్షన్. సుఖవ్యాధుల మందులు డాక్టరు చూసి ఇస్తారు. ట్రాన్స్ పురుషుడైతే, అంటే ఆడపిల్లగా పుట్టాడని రాసినా మగవాడిగా బతికేవాడైతే, గర్భం వచ్చే అవకాశం ఉండొచ్చు, అత్యవసర గర్భనిరోధక మాత్ర ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది. మగ పేరుతో ఉన్న ఓపీ చీటీ చూసి ఆ ప్రశ్నే ఎవరూ అడగరు.

ఎక్కువగా జరిగే పొరపాటు ఎఫ్ఐఆర్ తెస్తే గానీ మందు ఇవ్వం అనడం. ఈ మందులకు ఎఫ్ఐఆర్ తో సంబంధం లేదు. మెడికో లీగల్ కాగితాల కోసం అత్యవసర వైద్యం ఆపరాదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది. నేరాల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ లైంగిక దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రులన్నీ ఉచిత వైద్యం చేయాలంటుంది. కానీ అది స్త్రీల మీద జరిగే నేరాలకు, పోక్సో నేరాలకు పరిమితం. 17 ఏళ్ల కుర్రాడికి అది వర్తిస్తుంది, 19 ఏళ్లవాడికి వర్తించదు. అందుకే పెద్దవాళ్ల విషయంలో సిబ్బంది 1989 తీర్పునే ఆధారం చేసుకోవాలి.

28 రోజుల కోర్సు మధ్యలో ఆగిపోయేది వికారం వల్లే అనుకుంటారు. కానీ ఒకే గదిలో ఆరుగురు కూలీలు ఉండే చోట, హాస్టల్ ట్రంకు పెట్టెకు తాళం లేని చోట, ఆ సీసా దాచుకునే చోటు లేక కూడా ఆపేస్తారు. కనుక మందు చేతిలో పెట్టేముందు "దీన్ని ఎక్కడ పెడతారు, ఎవరి కంట పడుతుంది?" అని అడగాలి. ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, వేరేవాళ్లు ఎత్తితే మేం ఎవరమని చెప్పాలి అన్నది కూడా అప్పుడే తేల్చుకుని రాసుకోవాలి. వాట్సాప్ లో మెసేజ్ పెట్టకండి. లాక్ స్క్రీన్ మీద కనిపించే రెండు మాటలు చాలు, ఇల్లంతా తెలిసిపోవడానికి.

సాక్ష్యం సేకరణకు కేంద్ర ఆరోగ్యశాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాలున్నాయి. ట్రాన్స్ జెండర్లు, వికలాంగులు, లైంగిక మైనారిటీలు, కులమతాల వల్ల వివక్షకు గురయ్యేవారి విషయంలో ఎలా నడుచుకోవాలో కూడా అందులో ఉంది. వాటి ప్రతి మాటా మగవాళ్లకు ఎలా వర్తిస్తుందో చేసి చూపించడమే శిక్షకుల పని. దాడి జరిగి 96 గంటలు దాటాక స్వాబ్ ల (దూదిపుల్లతో తీసే నమూనాల) వల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. అంతలోపు వస్తే నోటి స్వాబ్ ముందు తీయాలి, ఎందుకంటే వణుకుతూ వచ్చినవాడికి ఎవరో ఒకరు మంచినీళ్లిస్తారు. తర్వాత మలద్వారం, పురుషాంగం, తొడలు, కొరికినట్టున్న చోట్లు. బట్టలు తెల్ల కాగితం పరిచి దాని మీద నిలబడి విప్పించాలి, రాలిన వెంట్రుకలు, దుమ్ము ఆ కాగితంలోనే మడవాలి. ఒక్కో బట్ట ఒక్కో కాగితపు సంచిలో. ప్లాస్టిక్ కవరులో పెడితే చెమ్మకు బూజు పట్టి పరీక్షకు పనికిరాదు. స్వాబ్ లు నీడలో ఆరాకే సీలు వేయాలి, ఎండలోనో హీటరు దగ్గరో కాదు. ఎవరు ఎవరికి ఏ గంటకు అప్పగించారో ప్రతి చేతికీ సంతకం ఉండాలి. ఈ సంతకం లేకపోతే కోర్టులో కేసు జారిపోవచ్చు.

గాయం లేకపోతే "దాడి జరిగిన ఆనవాళ్లు లేవు" అని రాయడం తప్పు. "గాయాలు కనబడలేదు, అంతమాత్రాన దాడి జరగలేదని చెప్పలేం" అని రాయాలి. కొయ్యలా బిగుసుకుపోయినవాడికి, బెదిరింపుకు లొంగినవాడికి, మూడు రోజుల తర్వాత వచ్చినవాడికి గాయాలు ఉండకపోవచ్చు. స్త్రీల యోని బిగువు చూసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు 2013లో తప్పుబట్టింది, 2022 అక్టోబర్ 31న మళ్లీ గట్టిగా చెప్పింది. కానీ మగవాళ్ల మలద్వారం బిగువు చూసి "అలవాటు పడినవాడు" అని రాయడం అదే పరీక్షకు ఇంకో రూపమని సిబ్బందికి తట్టదు. ఆ బిగువు దాడి గురించి గానీ పాత జీవితం గురించి గానీ ఏమీ చెప్పదు. "అలవాటు" అన్న ఒక్క మాట చీటీ మీద పడితే గే యువకుడి కేసు అక్కడితో ముగిసినట్టే. మతం గురించి, సున్తీ గురించి పరీక్ష గదిలో వేసే చిన్న జోకులు కూడా ఇలాంటివే. వేసినవాడికి మర్నాటికి గుర్తుండవు, విన్నవాడు మాత్రం మళ్లీ ఆ గడప తొక్కడు.

చట్టం భాగం శిక్షణల్లో అన్నిటికన్నా చెడ్డగా చెప్పేది. సెక్షన్ల స్లైడ్లు ముప్పై చూపిస్తారు, చివరికి రైటర్ కు గుర్తుండేది "మగవాళ్లకు కేసు లేదు" అన్న ఒక్క ముక్క. అది సగమే నిజం. మూడు తేదీలు అడగడం నేర్పితే చాలు: సంఘటన జరిగిన తేదీ 2012 నవంబర్ 14కు (పోక్సో అమల్లోకి వచ్చిన రోజు) ముందా తర్వాతా, 2024 జూలై 1కి (పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చిన రోజు) ముందా తర్వాతా, అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు నిండిన పుట్టినరోజు దాటిందా.

అప్పటికి 18 నిండలేదు, తేదీ 2012 నవంబర్ 14 లేదా ఆ తర్వాత అయితే పోక్సో. అది ఆడపిల్లకూ మగపిల్లాడికీ ఒకటే. ఇప్పుడు అతనికి ముప్పై ఏళ్లయినా కేసు పెట్టవచ్చు. నిందితుడు హాస్టల్ లేదా బడి సిబ్బంది, మతసంస్థ నిర్వాహకుడు, పోలీసు అయితే అది తీవ్రమైన నేరం కింద, అంటే 5, 6 సెక్షన్ల కిందకు వస్తుంది. పోక్సో రాకముందు చిన్నతనంలో జరిగిందైనా, 2024 జూలై 1కి ముందు పెద్దయ్యాక బలవంతంగా జరిగిందైనా, "ప్రకృతి విరుద్ధ" సంభోగాన్ని శిక్షించే పాత శిక్షాస్మృతి 377వ సెక్షన్ ఇప్పటికీ పనికొస్తుంది. ఆ రోజున అమల్లో ఉన్న చట్టమే ఆ నేరానికి వర్తిస్తుంది కాబట్టి. 2018 సెప్టెంబర్ 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలను మాత్రమే ఆ సెక్షన్ నుంచి తప్పించింది, బలవంతాన్ని తప్పించలేదు. ఆ నేరానికి జీవిత ఖైదు దాకా శిక్ష ఉంది కనుక కేసు పెట్టడానికి కాలపరిమితి అడ్డు రాదు.

చిక్కంతా 2024 జూలై 1 తర్వాత, 18 నిండిన మగవాడి మీద జరిగిన దాడితోనే. భారతీయ న్యాయ సంహిత 377ను పూర్తిగా వదిలేసింది, అత్యాచారం గురించిన 63వ సెక్షన్ బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది. బిల్లు దశలోనే పార్లమెంటు హోంశాఖ స్థాయీ సంఘం ఈ ఖాళీ ఎత్తిచూపింది, అయినా పూడ్చలేదు. దీన్ని పూడ్చాల్సింది పార్లమెంటే. అప్పటిదాకా స్టేషన్లో చేయగలిగింది ఉంది. న్యాయ సంహిత 115(2) కింద మామూలు గాయం పోలీసులు మేజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు చేయలేని నేరం, పైగా దానికి ఏడాదే గడువు. ఆ ఒక్క సెక్షన్ తో రాస్తే ఫిర్యాదు అక్కడే ఆగిపోతుంది. కానీ గదిలో పెట్టి తలుపు వేశారా? 127(2), అక్రమ నిర్బంధం. మత్తు కలిపి తాగించారా? 123, పదేళ్ల దాకా శిక్ష. ఎముక విరిగిందా, తీవ్ర గాయమా? 117(2). డబ్బు గుంజారా? 308. ఇవన్నీ పోలీసులు నేరుగా దర్యాప్తు చేయగలిగినవి. వీటిలో ఒక్కటి ఉన్నా సురక్షా సంహిత 174(4) ప్రకారం మొత్తం కేసును నేరుగా దర్యాప్తు చేయవచ్చు. కనుక వాంగ్మూలం రాసేటప్పుడు తలుపు, గడియ, ఎంతసేపు, ఏం తాగించారు, ఫోన్ ఎవరు లాక్కున్నారు అన్న వివరాలు అడిగి రాయాలి. ట్రాన్స్ పురుషుడైతే 2019 ట్రాన్స్ జెండర్ వ్యక్తుల చట్టం 18వ సెక్షన్ కూడా ఉంది. కానీ దానికింద గరిష్ఠ శిక్ష రెండేళ్లే.

ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో లైంగిక తాకిడి గురించిన 3(1)(డబ్ల్యూ) స్త్రీలకే. దాంతో మగవాళ్లకు ఈ చట్టం లేదనుకుని పక్కన పెట్టేస్తారు. అది పొరపాటు. బలవంతంగా బట్టలు ఊడదీయడం, మీసం గొరగడం, గుండు కొట్టించడం లాంటి అవమానాలను శిక్షించే 3(1)(ఇ), బట్టల్లేకుండా ఊరేగించడాన్ని శిక్షించే 3(1)(డి) మగవాళ్లకూ వర్తిస్తాయి. మగవాళ్ల మీద కులదాడుల్లో లైంగిక హింస తరచూ ఈ రూపంలోనే ఉంటుంది, బాధితుడు కూడా దాన్ని "కొట్టారు" అనే చెబుతాడు. ఈ సెక్షన్లు పడితే దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, ఎఫ్ఐఆర్ కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదు, నష్టపరిహారమూ ఉచిత న్యాయ సహాయమూ వస్తాయి. అందుకే కులం అడగాలి. అయితే హాల్లో అందరి ముందూ కాదు, గదిలో, "చట్టం కింద మీకు ఎక్కువ రక్షణ ఉండొచ్చు, అందుకు అడుగుతున్నాను" అని కారణం చెప్పి అడగాలి.

గే, బైసెక్సువల్ మగవాళ్ల విషయంలో ఇప్పుడు తరచూ కనబడేది డేటింగ్ యాప్ లో పరిచయం పెంచుకుని, గదికి పిలిచి, దాడి చేసి, వీడియో తీసి డబ్బు గుంజడం. ఇంట్లో చెబుతామన్న బెదిరింపే ఇందులో ఆయుధం. చాటుగా చూడడం, వెంటపడడం గురించిన కొత్త సెక్షన్లు స్త్రీలకే పరిమితం. కానీ ఐటీ చట్టం 66ఇ ఎవరి నగ్నచిత్రం తీసినా వర్తిస్తుంది, మూడేళ్ల దాకా జైలు. బాధితుడు భయంతో మొదట చేసేది యాప్ తీసేయడం. ఆ పని చేయకముందే స్క్రీన్ షాట్లు, ప్రొఫైల్ పేరు, యూపీఐ లావాదేవీ నంబర్లు, తేదీలు రాసి పెట్టించాలి. డబ్బు పోయి కొన్ని గంటలే అయితే ముందు సైబర్ మోసాల హెల్ప్ లైన్ 1930కి ఫోన్, తర్వాతే కాగితం. ఫోన్ లో ఉన్నదంతా తెరిచి చూపించమని రైటర్ అడగకూడదు, సంబంధించిన సంభాషణ చాలు. ఇక "వీణ్ని మార్చే" వైద్యం కోసం కుటుంబం అడిగితే డాక్టరు ఒప్పుకోకూడదు. అలాంటి చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది.

మతపరమైన మైనారిటీల విషయంలో మౌనానికి ఇంకో పొర ఉంటుంది. దాడి చేసినవాడు తన మతంలోని వాడే, తన చదువు చెప్పిన చోటివాడే అయితే, బయటకు చెబితే వార్త తన గురించి కాక తన మతం గురించి అవుతుందని అతనికి తెలుసు. ఇప్పటికే మాటలు పడుతున్న సమాజానికి నేనింకో మాట తెచ్చానా అనుకుంటాడు. ఈ భయం ఊహాజనితం కాదు, దాన్ని కొట్టిపారేయకూడదు. సిబ్బంది చేయాల్సింది చిన్నదే: రిపోర్టులో సంస్థ పేరు ఎంతవరకు అవసరమో అంతవరకే రాయడం, విలేకరులకు ఒక్క ముక్క చెప్పకపోవడం. పిల్లల కేసుల్లో గుర్తింపు బయటపెట్టడం పోక్సో 23వ సెక్షన్ కింద నేరమే. "మీ వాళ్లలో ఇది మామూలేగా" అన్న మాట అనకపోవడం శిక్షణ లేకుండానే రావాలి, రావడం లేదు.

దుబాసీ సంగతి ఎవరూ పట్టించుకోరు. గోండి, కోయ, లంబాడీ, ఒడియా, ఉర్దూ, సంకేత భాష, ఏదైనా సరే, దొరికినవాణ్ని పిలిస్తే అతను అదే తండావాడో బంధువో అయి ఉంటాడు. చిన్న భాషల్లో అందరికీ అందరూ తెలుసు. అందుకే ముందు దుబాసీ పేరు చెప్పి "ఈయన మీకు పరిచయమా, ఉండడం ఇష్టమేనా?" అని అడగాలి. పరిచయమే అయితే వేరే జిల్లావాళ్లను ఫోన్ లో, కెమెరా లేకుండా, బాధితుడి పేరు చెప్పకుండా కలపాలి. దుబాసీతో ముందు ఇరవై నిమిషాలు కూర్చుని శరీర భాగాలకు ఏ మాటలు వాడతారో ఒప్పందానికి రావాలి. లేకపోతే అతను సిగ్గుపడి "అక్కడ" అని వదిలేస్తాడు, వాంగ్మూలంలో అదే నిలిచిపోతుంది. అనువాదం "అతను అంటున్నాడు" అని కాక "నేను" అనే రావాలి. చెవిటివారికి కుటుంబ సభ్యుల సైగలతో పని జరిపించడం ప్రమాదం, దాడి చేసినవాడు ఆ ఇంట్లోనే ఉండవచ్చు.

ఇప్పుడు శిక్షణ ఎలా జరగాలో. వందమందిని హాల్లో కూర్చోబెట్టి ఒక్కరోజు ఉపన్యాసం, టీ, సర్టిఫికెట్, గ్రూప్ ఫోటో: దీనివల్ల ప్రశ్న అడగడం రాదు. ఇరవై, ఇరవైనాలుగు మంది చాలు. మూడు రోజులు, తర్వాత నెలకోసారి రెండు గంటలు చొప్పున మూడు నెలలు. సగం సమయం సాధనకే. ముగ్గురు ముగ్గురుగా కూర్చుని ఒకరు అడిగేవారు, ఒకరు వచ్చినవారు, ఒకరు గమనించేవారు, పన్నెండు నిమిషాలకోసారి పాత్రలు మారాలి. "మలద్వారం", "పురుషాంగం" అన్న మాటలు నవ్వకుండా, గొంతు తగ్గించకుండా పలకడం మొదటి రోజే అవ్వాలి. నవ్వొస్తే రానివ్వండి, రోగి ముందు రావడం కన్నా ఇక్కడ రావడం మేలు. ఎస్సై, కానిస్టేబుల్ ఒకే గుంపులో ఉంటే కానిస్టేబుల్ నోరు విప్పడు, విడదీయాలి. రాత్రి డ్యూటీవాళ్లకు వేరే బ్యాచ్ పెట్టాలి, శిక్షణకు ఎప్పుడూ పగటి డ్యూటీవాళ్లే వస్తారు, దాడి బాధితులు రాత్రిపూట కూడా వస్తారు.

ఏ హాల్లోనైనా, మగవాళ్లతో సహా, ఇలాంటిది స్వయంగా అనుభవించినవాళ్లు ఒకరిద్దరు కూర్చుని ఉంటారన్న లెక్కతోనే మొదలుపెట్టాలి. ఎప్పుడైనా లేచి వెళ్లవచ్చని ముందే చెప్పాలి, బయట ఒక కౌన్సెలర్ ఉండాలి, సొంత అనుభవం చెప్పమని ఎవరినీ అడగకూడదు. బాధితుణ్ని వేదికెక్కించి కథ చెప్పించడం ఇప్పుడు ఫ్యాషనైంది. వినేవాళ్లకు కన్నీళ్లొస్తాయి, నైపుణ్యం రాదు, చెప్పినవాడు ఆ రాత్రి ఒంటరిగా పడుకుంటాడు. దానికి బదులు పాఠం తయారుచేసే దశలోనే బాధితులనూ ఆయా వర్గాలవారినీ కూర్చోబెట్టి, వాళ్ల సమయానికి డబ్బిచ్చి, ఏ మాట గుచ్చుకుంటుందో దిద్దించుకోవాలి.

కౌన్సెలర్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది కొంచెమే. మొదటిసారి కూర్చున్నప్పుడే జరిగిందంతా చెప్పించొద్దు. నిద్ర, తాగుడు, ఇంట్లో భద్రత, చనిపోవాలన్న ఆలోచన, ఇవి చూడాలి. కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రం పీహెచ్ క్యూ-9లో, చావు ఆలోచనల గురించిన చివరి ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా ఆ రోజే మాట్లాడకుండా పంపొద్దు. రాత్రివేళ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్ లైన్ టెలీ మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు. మగవాడు ఏడవకుండా కోపంగా ఉంటే బాగానే ఉన్నాడనుకోవద్దు. మగ కౌన్సెలర్ కావాలా ఆడ కౌన్సెలర్ కావాలా అన్నది అతన్నే అడగాలి. దాడి చేసింది మగవాడైతే మగవాడి ముందు కూర్చోలేకపోవచ్చు, ఇంకొకరికి ఆడవాళ్ల ముందు చెప్పడమే నరకం కావచ్చు.

ఎక్కడికి పంపాలన్నది చివరి చిక్కు. హింసకు గురైన స్త్రీల కోసం పెట్టిన సఖి, భరోసా కేంద్రాల బోర్డుల మీద స్త్రీ బొమ్మ ఉంటుంది, పెద్దవాడైన మగవాడు ఆ గుమ్మం ఎక్కడు, ఎక్కినా వెనక్కి పంపుతారు. కొత్త కేంద్రం కట్టమని మేం అడగడం లేదు, కట్టినా దాని ముందు నిలబడ్డవాడెవరో ఊరంతా చూస్తుంది. ఐసీటీసీలో తలుపున్న గది ఉంది, కౌన్సెలర్ ఉన్నారు, మగవాళ్లు రావడం మామూలే, అక్కడి విషయం బయటపెట్టకూడదన్న చట్టమూ ఉంది. క్యాజువాలిటీ నుంచి ఆ గదిదాకా మనిషి వెంట నడిచి వెళ్లే ఒక నర్సు పేరు ప్రతి షిఫ్టు రోస్టర్లో రాయాలి. చీటీ ఇచ్చి "మూడో అంతస్తుకు వెళ్లు" అంటే అతను గేటు వైపు వెళతాడు. శిక్షణ పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి ప్రశ్నపత్రం అక్కర్లేదు. రిజిస్టరులో నాలుగు గడులు చాలు: మగ రోగుల్లో ఎంతమందిని ఆ ప్రశ్న అడిగారు, ఎంతమంది అవునన్నారు, వచ్చినప్పటి నుంచి మొదటి డోసుకు ఎన్ని గంటలు పట్టింది, రెండోసారి ఎంతమంది వచ్చారు. పేర్లు అక్కర్లేదు. మొదటి గడిలో వరుసగా సున్నాలు పడుతున్న ఆస్పత్రికి మళ్లీ శిక్షణ ఇవ్వండి.

ఇట్లు,
ఈ రంగంలో శిక్షణ ఇస్తున్న కొందరు కౌన్సెలర్లు, వైద్యులు, న్యాయవాదులు